దర్యాప్తు సంస్థలో ఆడియో ట్రాన్స్‌క్రిప్షన్ పనికి టైపింగ్ వేగం సరిపోతుందా?

ప్రశ్న (క్లుప్తంగా): తెలుగు టైపింగ్ హయ్యర్ పాసయ్యాను, ఆరేళ్ళుగా డీటీపీ చేస్తున్నాను. అవినీతి కేసులు చూసే ఒక ప్రభుత్వ దర్యాప్తు సంస్థలో ఆడియో ట్రాన్స్‌క్రైబర్‌గా, పొరుగుసేవల పద్ధతిలో అవకాశం వచ్చింది. పని ఎలా ఉంటుంది? నా వేగం సరిపోతుందా? చేరవచ్చా?

చేరవచ్చు. మీ వేగం సరిపోతుంది. కానీ ఆ వేగం మీద భరోసా పెట్టుకుని మాత్రం చేరకండి. ఈ పనిలో రోజంతా చేసేది వినడం, టైపింగ్ మధ్యమధ్యలో జరుగుతుంది. పదిహేనేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. చేతులు వేగంగా ఆడేవాళ్ళు చాలామంది వచ్చి వెళ్ళారు. నిలబడింది మాత్రం, వినిపించని చోట "వినబడలేదు" అని రాసి ఊరుకోగలిగినవాళ్ళే. వాక్యంలో ఖాళీ కనిపిస్తే పూరించే దాకా మనసు ఊరుకోని స్వభావం మీదైతే, ముందు దాన్ని అదుపులో పెట్టుకోవాలి. డీటీపీలో ఆరేళ్ళు పని చేశారంటే ఆ అలవాటు మీకు తప్పకుండా ఉండి ఉంటుంది. అక్కడ రచయిత వదిలేసిన ఒత్తును మీరు పెడితే మెచ్చుకుంటారు. ఇక్కడ అదే పని సాక్ష్యాన్ని చెడగొడుతుంది.

ముందు పని స్వరూపం చెబుతాను. లంచం కేసు అనగానే అందరికీ తెలిసింది ఫినాఫ్తలీన్ పొడి పూసిన నోట్లు, సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచగానే గులాబీ రంగుకు తిరిగే వేళ్ళు. వేళ్ళు గులాబీ రంగుకు తిరిగితే నోట్లు ముట్టుకున్నారని తేలుతుంది. అడిగి తీసుకున్నారా, ఎవరైనా చేతిలో కుక్కి వెళ్ళారా అన్నది ఆ రంగు చెప్పదు. అడగడం జరిగిందని రుజువు కాకపోతే కేసు నిలవదు. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మాటే మళ్ళీ గట్టిగా చెప్పింది. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా, మిగతా సాక్ష్యాలతో, పరిస్థితులను బట్టి ఆ డిమాండును రుజువు చేయవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఫిర్యాదుదారు రెండు మూడేళ్ళ తర్వాత కోర్టులో "నాకు గుర్తు లేదు" అనేస్తే, ఆయన చొక్కా జేబులో ఆ రోజు పెట్టిన రికార్డరులోని మాటలకు ఎంత బరువు వస్తుందో ఊహించండి. ఆ మాటలను కాగితం మీదకు తెచ్చే మనిషి మీరు.

మీ బల్ల మీదకు వచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు. ఫోను సంభాషణలు, జేబులో దాచిన డిజిటల్ రికార్డరులో పట్టినవి, కెమెరాతో తీసినవి, అంటే విచారణ గదిలో వాంగ్మూలాలు, సోదాలు. 2024 జులై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాక మూడో రకం బాగా పెరిగింది. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను సోదాలను, స్వాధీనాలను ఆడియో, వీడియోలో చిత్రీకరించి తీరాలంటోంది. అంటే అల్మారా తలుపు చప్పుడు, ఇంట్లోవాళ్ళ ఏడుపు, అధికారులు అంకెలు చదవడం, అన్నీ కలగలిసిన గంటల కొద్దీ రికార్డింగులు.

గదిలో ప్రశాంతంగా తీసుకున్న గంట వాంగ్మూలానికి నాకు ఐదారు గంటలు పడుతుంది. జేబు రికార్డరుదైతే లెక్క వేరు. గుడ్డ రాపిడి, మోటారు సైకిలు, ఫ్యాను, పక్క బల్ల దగ్గర ఇంకెవరివో మాటలు. అందులో అసలు సంభాషణ నాలుగు నిమిషాలే ఉంటుంది, ఆ నాలుగు నిమిషాలకు ఒక పూటంతా కూర్చున్న రోజులున్నాయి. ఎవరైనా మీకు రోజుకు ఇన్ని పేజీలని లక్ష్యం పెడితే వాళ్ళకు ఈ పని తెలియదన్నమాట.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెబుతాను. ఈ జవాబులో మీరు గుర్తుంచుకోవాల్సింది ఇదొక్కటే అయినా చాలు.

చేరిన రెండో ఏడాది. ఒక కార్యాలయంలో పని కోసం ఎనిమిది వేలు అడిగారని ఫిర్యాదు. రికార్డింగు వినేముందు ఆ ఫిర్యాదు కాగితం చదివాను. రికార్డింగులో ఫ్యాను హోరు, దాని వెనక ఒక గొంతు చిన్న మాట అంటుంది. వినగానే "ఎనిమిది" అని తెలిసిపోయింది. టైపు చేశాను. అనుమానం కూడా రాలేదు. మా గదిలో నాకన్నా పెద్దావిడ ఒకరు ఉండేవారు. ఎవరి పనినైనా ఫిర్యాదు చదవకుండా ఒకసారి వినడం ఆవిడ నియమం. హెడ్‌ఫోను పెట్టుకుని ఆ మూడు సెకన్లు ఆరేడు సార్లు తిప్పి విని, నన్ను కూర్చోబెట్టి, "మాటను వదిలెయ్. దానికి ముందు ఏం వినిపిస్తోందో చెప్పు" అన్నారు. విన్నాను. కాగితం చప్పుడు. ఎవరో కాగితాన్ని బల్ల మీద పెట్టారు, లేదా చేతికిచ్చారు. దాని వెంటనే ఆ గొంతు. ఈసారి స్పష్టంగా వినిపించింది: "ఏమిటిది?"

"ఎనిమిది", "ఏమిటిది". రెండింటినీ పైకి అనుకుని చూడండి. ఫ్యాను హోరులో మొదటి అచ్చు పొడుగు పోతుంది, మధ్యలో హల్లు నలిగిపోతుంది, చివరి "ఇది" మిగులుతుంది. మిగతాదంతా నా బుర్ర పూరించింది, ఫిర్యాదులో చదివిన అంకెతో. ఆ కాగితం అలాగే వెళ్ళి ఉంటే, ఒక మనిషి అనని మాట ఆయన నోట్లో పెట్టినదాన్ని అయ్యేదాన్ని. ఆయన ఆ తర్వాత నిజంగా డబ్బు అడిగాడా లేదా అన్నది వేరే సంగతి. రాత్రి ఇంటికి వెళ్ళాక అన్నం సహించలేదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి ఇది. మొదటిసారి వినేటప్పుడు కేసు కాగితాలు చదవను. ఎవరు ఎవరో, ఎంత అడిగారని ఆరోపణో తెలియకుండా ఒక చిత్తుప్రతి రాస్తాను. రెండోసారి వినేముందు ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, సర్వే నంబర్లు, శాఖలో వాడే మాటలు మాత్రం ఒక చీటీ మీద రాసి ఇవ్వమంటాను. డబ్బు అంకె ఆ చీటీలో ఉండకూడదు. మూడోసారి ఇంకొకరు వింటారు. ఇద్దరికీ రెండు రకాలుగా వినిపిస్తే అది "స్పష్టంగా లేదు" అన్న ఖాతాలోకే వెళ్తుంది. పెద్దవాళ్ళకు వినిపించిందే నెగ్గాలన్న మర్యాద ఇక్కడ పనికిరాదు.

శాఖల మాటలు అన్నాను కదా, అవి నేర్చుకోవడానికి ఏడాది పడుతుంది. ఇంజినీరు "ఎంబీ రాయాలి" అంటే పనుల కొలతలు నమోదు చేసే పుస్తకం గురించి, ఫోను డేటా గురించి కాదు. రెవెన్యూవాళ్ళ పహాణీ, అడంగల్ (పొలం రికార్డులు), మ్యుటేషన్ (హక్కుదారు పేరు మార్పు), రిజిస్ట్రేషన్‌వాళ్ళ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), ఇవి తెలియకపోతే చెవికి అందిన మాట కూడా మనసుకు అందదు.

ఇక మన భాష సంగతి. తెలుగు ట్రాన్స్‌క్రిప్షన్‌లో ప్రమాదమంతా చిన్న అక్షరాల దగ్గరే. "ఇస్తానన్నారు", "ఇస్తారన్నారు" తీసుకోండి. మొదటిదాంట్లో అన్న మనిషే ఇచ్చేవాడు. రెండోదాంట్లో ఇంకెవరో ఇస్తారని ఆయన అన్నాడు. మధ్యలో "న" ఉందా "ర" ఉందా అన్నదాని మీద ఇచ్చే చెయ్యి మారిపోతుంది. "ఇవ్వాలి కదా", "ఇవ్వాలి, కాదా" అన్నవీ అంతే. "ఇచ్చావు" చెప్పడం, "ఇచ్చావా" అడగడం. తేడా ఒక్క దీర్ఘం. జేబు రికార్డరులో ముందుగా నలిగిపోయేది ఆ దీర్ఘమే.

కర్త లేని వాక్యాలు ఇంకో చిక్కు. మనం "ఇచ్చారు" అంటే వాళ్ళు ఇచ్చారు, ఆయన ఇచ్చారు, మీరు ఇచ్చారు, అన్నీ అవుతాయి. మాట్లాడుకునేవాళ్ళకు తెలుసు, రికార్డరుకు తెలియదు. కర్తను మీరు చేర్చకండి. మీ ట్రాన్స్‌క్రిప్టును రేపు ఇంకొకరు ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అక్కడ తప్పనిసరిగా ఒక కర్త కావాలి, వాళ్ళు మిమ్మల్ని అడుగుతారు. అప్పుడు కూడా "మూలంలో లేదు" అనే చెప్పండి. "అది తెచ్చారా?" అన్నచోట "అది" పక్కన కుండలీకరణంలో "డబ్బు" అని పెట్టిన కాగితాలు చూశాను. "అది" ఫైలు కావచ్చు, ఫొటోలు కావచ్చు. డబ్బేనని చెప్పాల్సింది సాక్షి, తేల్చాల్సింది న్యాయమూర్తి.

అంకెల విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. పలికినట్టే అక్షరాల్లో రాయాలి. "ఐదు చాలదు" అంటే "ఐదు చాలదు" అనే రాయండి, "5,000" అని కొట్టకండి. ఐదు వేలో, ఐదు లక్షలో, ఐదు ఫొటోలో మీకు ఎవరు చెప్పారు? "అక్కడ వెయ్యి" అన్న మాట మరీ చిక్కు. అది అక్కడ పెట్టమనడం కావచ్చు, వెయ్యి రూపాయలు కావచ్చు. అంకె వేశారంటే తీర్పు మీరే ఇచ్చేసినట్టు.

యాసను దిద్దకండి. ఒకరు పైసలు అంటే పైసలు, దుడ్లు అంటే దుడ్లు, డబ్బులు అంటే డబ్బులు. క్రియలు కూడా ఆ ప్రాంతంలో పలికినట్టే రాయాలి, పుస్తక భాషలోకి మార్చకూడదు. హైదరాబాద్ సంభాషణల్లో సగం వాక్యం ఉర్దూలోకి జారుతుంది. అది కూడా పలికినట్టే తెలుగు లిపిలో రాసి, అర్థం అవసరమైతే వేరే పట్టికలో ఇవ్వాలి. మీకు తెలియని యాస వస్తే ఆ ప్రాంతం మనిషిని పక్కన కూర్చోబెట్టమని అడగండి. నాకు ఇప్పటికీ ఉత్తరాంధ్ర పల్లెల మాటలు వేగంగా వస్తే సాయం కావాలి, అడగడానికి ఎప్పుడూ సిగ్గుపడలేదు.

మాట్లాడినవాళ్ళ పేర్లు కూడా మీరు పెట్టేవి కావు. చిత్తుప్రతిలో "గొంతు 1", "గొంతు 2" అని రాస్తాను. ఎవరిది ఏ గొంతో గుర్తుపట్టే పని మధ్యవర్తులు అనే స్వతంత్ర సాక్షుల సమక్షంలో, ఆ గొంతులు తెలిసినవాళ్ళు చేస్తారు, అది నివేదికలో నమోదవుతుంది. వివాదం వస్తే ఫోరెన్సిక్ ల్యాబు పోల్చి చూస్తుంది. నిందితుడి గొంతు నమూనా ఇవ్వమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చని 2019లో రితేశ్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడది నాగరిక సురక్షా సంహిత 349వ సెక్షనులోనే ఉంది.

అసలు మెమరీ కార్డును మీరు ముట్టుకోకూడదు. మీకు రావాల్సింది పని కోసం తీసిన నకలు, దానితో పాటు దాని హాష్ విలువ రాసిన కాగితం. హాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి, లోపల ఒక్క బిట్టు మారినా అది మారిపోతుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే, పాత సాక్ష్య చట్టంలోని 65బి ధ్రువపత్రం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ధ్రువపత్రం వచ్చింది. అందులో రెండు భాగాలు, రెండో భాగం నిపుణుడు నింపాలి, హాష్ విలువ అందులో రాయాలి. ఆ ధ్రువపత్రం మీ బాధ్యత కాదు. కానీ మీకిచ్చిన ఫైలు హాష్ విలువ కాగితంలో ఉన్నదానితో సరిపోయిందో లేదో చూసుకుని, తేదీ, సమయం మీ పుస్తకంలో రాసుకోవడం మాత్రం మీ బాధ్యత. హోరు తగ్గించే సాఫ్ట్‌వేర్లు వాడితే ఇంకో నకలు మీద వాడండి, వాడామని రాయండి. అవి హోరుతో పాటు "స", "శ", "ఫ" లాంటి ధ్వనులను కూడా మింగేస్తాయి. నా అనుభవంలో వేగం బాగా తగ్గించి వినడం కన్నా, మామూలు వేగంలోనే మూడు నాలుగు సెకన్ల ముక్కను పదేపదే తిప్పి వినడం మేలు.

అనూ ఫాంట్లలో టైపు చేసే అలవాటుంటే వెంటనే యూనికోడ్‌కు మారండి. మూడు వందల పేజీల్లో ఒక మాట వెతకాల్సి వచ్చినప్పుడు పాత ఫాంట్ల ఫైలు చేతులెత్తేస్తుంది.

మాటను అక్షరాలుగా మార్చే ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ల గురించి కొత్తగా వచ్చేవాళ్ళందరూ అడుగుతారు. కేసు ఆడియోను ఇంటర్నెట్‌లోని ఏ సేవకూ ఎక్కించకూడదు. ఎక్కించారంటే గోప్యత అక్కడితో పోయింది. కార్యాలయంలోనే, నెట్టు లేని కంప్యూటర్‌లో నడిచేవి ఉన్నా, నేను వాటిని జేబు రికార్డింగులకు వాడను. అవి యాసను పుస్తక భాషగా మార్చేస్తాయి. అంతకన్నా ఘోరం, ఎవరూ మాట్లాడని నిశ్శబ్దంలో కూడా ఒక్కోసారి చక్కటి వాక్యం పుట్టిస్తాయి. "ఎనిమిది" దగ్గర నేను చేసిన తప్పునే అవి ఏ అనుమానమూ లేకుండా చేస్తాయి.

కోర్టుకు వెళ్ళాల్సి వస్తుందా? రావచ్చు. నన్ను రెండుసార్లు పిలిచారు. చట్టం దృష్టిలో అసలు సాక్ష్యం రికార్డింగే. ట్రాన్స్‌క్రిప్టు దానికి తోడు మాత్రమే. రాసే సమయంలో రాసిన మనిషికి అందులో ఏం వినిపించిందో అది చూపిస్తుందని 1975 నాటి బుఖారీ ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు వివరించింది. రికార్డింగును ఎప్పుడు నమ్మాలన్నదానికి 1985 నాటి రామ్ సింగ్ కేసు ఇప్పటికీ ఆధారం: గొంతు గుర్తింపు, దిద్దుబాట్లు జరగలేదన్న రుజువు, సీలు వేసి భద్రపరచడం, మాటలు స్పష్టంగా వినిపించడం, ఇలాంటివి. చివరిది మీ పనికి నేరుగా తగులుతుంది. స్పష్టంగా వినిపించని రికార్డింగుకు తడబాటు లేని ట్రాన్స్‌క్రిప్టు ఉందంటే, అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

మొదటిసారి బోనెక్కినప్పుడు కాళ్ళు వణికాయి. డిఫెన్సు వకీలు సూటిగా అడిగారు: "ఈ మాట మీకు వినిపించిందా, ఎవరైనా చెబితే రాశారా?" నా దగ్గర విన్న వివరాలు రాసుకున్న పుస్తకం ఉంది. ఏ తేదీన, ఏ సమయంలో, ఏ ఫైలు, ఎన్నిసార్లు విన్నానో అందులో ఉంది. ట్రాన్స్‌క్రిప్టులో ఆ మాటకు ముందు రెండుచోట్ల "వినబడలేదు" అని, నిమిషాలు, సెకన్లతో సహా రాసి ఉంది. అవి చూపించాను. ఎవరైనా చెబితే రాసేదాన్నైతే ఆ ఖాళీలు ఎందుకు ఉంటాయి? ఆ ప్రశ్న నేను వేయలేదు, న్యాయమూర్తి ఆ రెండు చోట్లా పెన్సిలుతో గీత పెట్టుకోవడం మాత్రం చూశాను. వకీలు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు.

అందుకే దర్యాప్తు అధికారి వచ్చి "ఇక్కడ ఫలానా మాట అన్నాడమ్మా, నేను అక్కడే ఉన్నాను, రాసేయండి" అంటే మర్యాదగానే కాదనండి. ఆయన విన్నది ఆయన సాక్ష్యం, ఆయన కోర్టులో చెప్పుకుంటారు. మీ కాగితంలో మీరు హెడ్‌ఫోనులో విన్నదే ఉండాలి. ఒత్తిడి చేసేవాళ్ళు అప్పుడప్పుడు తగులుతారు. కానీ మీ ఖాళీలు తమ కేసును కాపాడిన రోజు ఒకటి వచ్చాక, వాళ్ళే మీ దగ్గరికి పని పంపుతారు.

మనసు గురించి కూడా చెప్పాలి. మీది అవినీతి కేసుల సంస్థ కాబట్టి చాలావరకు బేరాలూ బతిమాలడాలే వింటారు. ఆ బతిమాలడాలు తక్కువ బరువేమీ కాదు. భర్త మరణ ధ్రువపత్రం కోసం వచ్చిన ఒక ముసలావిడ, కొంగులో ముడి విప్పుతూ నోట్లు లెక్కపెట్టే చప్పుడు నేను పదకొండు సార్లు తిప్పి విన్నాను, మధ్యలో ఆవిడ గొణిగిన మాట కోసం. ఇప్పటికీ చెవిలో ఉంది. వేరే విభాగాల నుంచి పిల్లల మీద అఘాయిత్యాల కేసులు వస్తే, తీసుకోలేనని చెప్పే హక్కు మీకుండాలి. తీసుకుంటే మాత్రం బిడ్డ ఎలా పలికిందో అలాగే రాయాలి, పోక్సో చట్టం 26వ సెక్షను కోరేది కూడా అదే. ఆ పేరు, ఊరు మీ నోటి నుంచి ఇంట్లోవాళ్ళకు కూడా చేరకూడదు.

చెవులను కాపాడుకోండి. వినబడని మాట కోసం శబ్దం పెంచుకుంటూ పోవడం ఈ పనిలో అందరికీ అలవాటవుతుంది, నాకు ఎడమ చెవిలో కీచుమనే మోత అలాగే వచ్చింది. నలభై నిమిషాలు విని పది నిమిషాలు హెడ్‌ఫోను తీసేయండి. చెవిని పూర్తిగా కప్పే రకం కొనుక్కోండి. సాధారణ ఆడియో ప్లేయరును కాలితో ఆపి నడిపే పెడల్ ఇప్పించమని కూడా అడగండి, చేతులు కీబోర్డు మీదే ఉంటాయి.

చేరేముందు ఏజెన్సీని ఇవి అడగండి: జీతం పేజీల లెక్కనా, నెల లెక్కనా? పేజీల లెక్కైతే ఒప్పుకోకండి, "వినబడలేదు" అని రాసినందుకు డబ్బు తగ్గే ఏర్పాటులో నిజాయతీగా పని చేయడం కష్టం. రెండో మనిషి వినే పద్ధతి ఉందా? కోర్టుకు పిలిస్తే ఆ రోజు జీతం, ప్రయాణ ఖర్చు ఎవరిస్తారు? కాంట్రాక్టు ముగిశాక మూడేళ్ళకు సమను వస్తే? ఇది చాలామందికి తట్టదు, కేసులు అంత ఆలస్యంగా విచారణకు వస్తాయి కాబట్టి రాతపూర్వకంగా తీసుకోండి. మీరు విన్న వివరాలు రాసుకునే పుస్తకం కార్యాలయంలో ఎవరి దగ్గర భద్రంగా ఉంటుందో కూడా కనుక్కోండి, దాన్ని ఇంటికి తెచ్చుకోకూడదు.

మా దగ్గర ఎంపిక పరీక్షలో ఐదు నిమిషాల రికార్డింగు వినిపించి రాయమంటారు. అందులో కావాలనే ఒకటి రెండు చోట్ల హోరు పెడతారు. అక్కడ చెవికి అందకపోతే నిమిషం, సెకను వేసి "వినబడలేదు" అని రాసి, తర్వాతి మాటకు వెళ్ళండి. నేను పరీక్ష పెట్టే రోజుల్లో ముందు ఆ చోట్లే చూసేదాన్ని.